గదరేనుల గట్టు

మా చర్చికి వచ్చే ఒకావిడ ఈమధ్య హోలీల్యాండ్ టూరు వెళ్ళొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకి బందరంతా చాలడం లేదు. ఇల్లిల్లూ తిరిగి, ఫోన్లో ఫొటోలన్నీ చూపించి, ప్రార్థన చేసి, టీ తాగి మరీ కదులుతున్నారు. పోయిన నెల ఓ సాయంత్రం మా వంతు వచ్చింది. ఒలీవ చెక్కతో చేసిన సిలువ నా చేతిలో పెట్టి, హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న ప్లాస్టిక్ సీసా ఒకటి తీశారు.

"ఇవేంటో చెప్పు చూద్దాం," అన్నారు.

నాకేం తెలుస్తుంది? మామూలు నీళ్ళలాగే ఉన్నాయి.

"గలిలయ సముద్రం నీళ్ళమ్మా! కపెర్నహూము దగ్గర బస్సు ఆపితే నా చేత్తో నేనే ముంచుకున్నాను. సముద్రం అంటాం గానీ ఏం సముద్రం, ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనపడుతుంది. మన కొల్లేరంత కూడా ఉండదేమో."

వరండాలో పేపరు చదువుకుంటున్న మా నాన్న లేచాడు. చెప్పులు కూడా వేసుకోకుండా గేటు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

"నాన్నగారికి ఒంట్లో బాగోలేదా?" అని అడిగారావిడ.

"బాగానే ఉందండీ. ఈ వేళప్పుడు కాస్త నడుస్తారు," అన్నాను.

ఆవిడ వెళ్ళాక సీసా ఫ్రిజ్ మీద పెట్టాను. దాన్ని చూస్తుంటే నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. గలిలయ సముద్రం ఎలా ఉంటుందో ఆవిడ నాకు చెప్పడమేమిటి? నేను దాని ఒడ్డున పుట్టాను.

మా పేట దివిసీమలో ఉండేది. అవనిగడ్డలో బస్సు మారి, ఆఖరి స్టాపులో దిగి, కాల్వగట్టు పట్టుకుని నడిస్తే వచ్చేది. అక్కడి నుంచి చూస్తే సముద్రం కనపడేది కాదు గానీ, తూర్పుగాలి తిరిగితే ముక్కుకి తెలిసేది. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. అందుకని తాగడానికీ వండుకోవడానికీ చెరువే దిక్కు. ఊరి చెరువు ఊళ్ళోవాళ్ళది. ఒకప్పుడు మావాళ్ళు ఆ గట్టు కింద కడవలు పెట్టుకుని, ఎవరికైనా దయ కలిగి పోస్తే పట్టుకుని వచ్చేవాళ్ళట. తరవాత మా తాతయ్య వయసులో ఉండగా పేటంతా కలిసి సొంత చెరువు తవ్వుకున్నారు.

తాతయ్య ఉపదేశి. పాస్టరుగారు ఎప్పుడో ఓ ఆదివారం వచ్చి సంస్కారం ఇచ్చి వెళ్ళిపోతారు. మిగతా రోజుల్లో వాక్యం చెప్పడం, పిల్లలకి అక్షరాలు దిద్దించడం, జబ్బుపడ్డవాళ్ళ మంచం పక్కన కూర్చోవడం ఉపదేశి పని. తాతయ్య తెల్ల చొక్కా, అంచు లేని పంచె కట్టి, గొడుగు చేత పట్టుకుని తిరిగేవారు. గొడుగు విప్పగా నేనెప్పుడూ చూడలేదు. దాని కొనతో నేలమీద పటాలు గీసేవారు.

నేను పుట్టకముందు వచ్చిన ఉప్పెనలో మా చెరువు పాడైపోయింది. సముద్రం నడిచి వచ్చి అందులో పడుకుంది అనేది మా నాయనమ్మ. ఉప్పునీళ్ళు, పశువుల కళేబరాలు, చెప్పకూడనివి చాలా. అందులోనే నాయనమ్మకి కూతురు పోయింది. నాకు మేనత్త అవ్వాల్సిన పిల్ల. ఆ చెరువు పూడ్చేద్దామని అందరూ అంటే తాతయ్య ఒప్పుకోలేదట. బతికినవాళ్ళని వెంటేసుకుని, గూడలు కట్టి ఆ నీళ్ళన్నీ తోడించి, అడుగు నల్లమట్టి ఎత్తిపోయించి, కాల్వ నీళ్ళు పెట్టి కడిగి, మళ్ళీ తోడించి, మళ్ళీ నింపించారట. మొదటి బిందె నీళ్ళు నాయనమ్మకి ఇచ్చి, "చూసి చెప్పు," అన్నారట. నాయనమ్మ తాగి, తియ్యగా ఉన్నాయని చెప్పి, అక్కడే కూలబడి ఏడ్చిందట. ఆ రోజే తాతయ్య చెరువుకి గలిలయ అని పేరు పెట్టారు.

పేరు పెట్టి ఊరుకునే మనిషైతే ఇంత కథ లేదు. ఆయన దగ్గరున్న గ్రంథం చివర రంగుల పటం ఒకటి ఉండేది. దాన్ని చూసి చెరువు చుట్టూ రాళ్ళు పాతించి, సున్నంతో పేర్లు రాయించారు. ఉత్తరాన కాల్వలోంచి నీళ్ళు వచ్చే బోదె యొర్దాను. అది దిగేచోట బేత్సయిదా. వాయవ్య మూల, మా ఇంటి ఎదురుగా ఉన్న రేవు కపెర్నహూము. పడమట గట్టున మగ్దల, దాని కింద తిబెరియ. దక్షిణాన తూము. అక్కణ్ణుంచి పొర్లిన నీళ్ళు మురుగు కాల్వలో పడి, ఉప్పుటేట్లో కలిసి, సముద్రంలోకి పోతాయి. "యొర్దాను కూడా అంతేరా. ఆ సరస్సులోంచి బయటపడి ఉప్పు సముద్రంలోకి పోతుంది. అక్కడ చేప బతకదు," అనేవారు.

ఇక తూర్పు గట్టు. దాని రాయిమీద గదరేనుల దేశం అని ఉండేది. దయ్యాలు పట్టిన మనిషి సమాధుల్లో తిరిగిన చోటు అదే. ప్రభువు ఆ దయ్యాల్ని వెళ్ళగొడితే అవి పందుల మందలో దూరాయి. మందంతా అక్కడి కొండ మీంచి పరిగెత్తుకుంటూ వచ్చి నీళ్ళలో పడి చచ్చింది. అప్పుడు ఆ దేశస్థులు వచ్చి, "అయ్యా, నువ్వు మా ఊళ్ళోంచి వెళ్ళిపో," అని ప్రభువునే బతిమాలుకున్నారు. ఈ కథ చెప్పాక సాయంత్రం పూట ఆ గట్టుమీద నడిచే పిల్ల మా పేటలో లేదు. పైగా మా సమాధుల దొడ్డి కూడా అటువైపే ఉండేది.

పెద్దవాళ్ళు మొదట్లో నవ్వుకున్నా, పోనుపోను వాళ్ళకీ ఆ పేర్లే నోటికి అలవాటైపోయాయి. "కపెర్నహూములో నా చెంబు జారిపోయింది, మీ అబ్బాయిని దూకమనవా వదినా," అనుకునేవాళ్ళు. "తిబెరియ మెట్లమీద నీరుకట్టె కనపడిందంట, జాగర్త," అనేవాళ్ళు. మగ్దల రేవు దగ్గర రోజూ ఇద్దరు తోడికోడళ్ళు పోట్లాడుకునేవాళ్ళు. కొత్తగా కాపురానికి వచ్చిన పెళ్ళికూతుళ్ళు బెంబేలెత్తిపోయేవాళ్ళు పాపం.

నాయనమ్మ మాత్రం ఆయన్ని ఏడిపిస్తూనే ఉండేది. "ఈయనకి కపెర్నహూము నుంచి తిబెరియకి దారి తెలుసు గానీ, మనూరికి అవనిగడ్డ బస్సు ఎప్పుడొస్తుందో తెలీదమ్మా," అనేది. తాతయ్య మురిసిపోయేవారు. తిట్టినా ఆ పేర్లతోనే తిట్టాలి ఆయన్ని.

సండే స్కూలంటే మాకు చెరువు చుట్టూ తిరగడమే. ఒక్కొక్కరిని ఒక్కో రాయి దగ్గర నిలబెట్టేవారు. ఆ రాయి దగ్గర ఏం జరిగిందో మనం చెప్పాలి. నాది బేత్సయిదా. అక్కడ గుడ్డివాడికి చూపు వచ్చింది. మా పెదనాన్న కొడుకుది కపెర్నహూము, వాడికి చెప్పుకోవడానికి బోలెడు అద్భుతాలు. అందుకని నేను వాడిమీద పళ్ళు నూరేదాన్ని. ఓసారి రాయిమీది సున్నం నీళ్ళతో కడిగేసి నా పేరు రాద్దామనుకున్నాను గానీ సున్నం దొరకలేదు.

"ఆ సరస్సు సముద్రమట్టం కన్నా చాలా కిందుంటుందిరా," అన్నారు ఓరోజు తాతయ్య.

"మరి సముద్రం వచ్చి పడిపోదా తాతయ్యా?"

"చుట్టూ కొండలున్నాయి. రాలేదు. కాకపోతే ఆ కొండల సందుల్లోంచే గాలి దిగుతుంది. ఉన్నట్టుండి తుఫాను లేస్తుంది."

"మనకి కొండల్లేవుగా?"

తాతయ్య గొడుగు కొనతో నేల గీకారు. "మనకి కరకట్ట ఉంది," అన్నారు. ప్రభువు తుఫానుని గద్దించిన కథ మాత్రం ఆయన ఇంట్లో చెప్పేవారు కాదు. నాయనమ్మ లేనప్పుడే చెప్పేవారు.

అన్నింటికన్నా మాకు ఇష్టమైంది ఈస్టర్. చీకటితోనే సమాధుల దొడ్డికి వెళ్ళి, కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడి, తెల్లవారేసరికి తిబెరియ రేవుకి వచ్చేవాళ్ళం. తిరిగి లేచిన ప్రభువు ఆ సరస్సు ఒడ్డునే, రాత్రంతా ఏమీ పడని శిష్యుల్ని పడవకి కుడిపక్క వల వెయ్యమని చెప్పి, వాళ్ళకి చేపలు కాల్చి పెట్టాడు కదా. మేమూ అలాగే తినాలి. మంచినీళ్ళ చెరువులో వల వెయ్యడానికి ఏడాది మొత్తంలో ఆ ఒక్క పొద్దుటే అనుమతి. వల వేసేది మా నాన్న. బందరులో చదువుకుని, ఉద్యోగం రాక తిరిగొచ్చినా, విసురువల పట్టుకుంటే నాన్నని మించినవాడు మా పేటలో లేడు. ఆయన తాటిదోనెలో చెరువు మధ్యకి వెళ్ళి, కపెర్నహూము వైపు మొహం పెట్టి నిలబడేవాడు. ముందు ఎడమపక్కకి ఉత్తుత్తిగా వల విసిరి లాగేవాడు.

"ఏమైనా పడ్డాయా?" అని గట్టు మీంచి కేకేసేవారు తాతయ్య.

"ఏమీ లేవూ!" అని మేమందరం అరిచేవాళ్ళం.

"అయితే కుడిపక్క వెయ్యరా!"

నాన్న కుడికి తిరిగి వల విసిరితే అది గొడుగులా విచ్చుకుని పడేది. ఆ పక్క లోతెక్కువ. ప్రతి ఏడూ బొచ్చెలూ కొర్రమీనులూ వల నిండా పడేవి. పేటంతా హల్లెలూయ అని కేక పెట్టేది. కొబ్బరిమట్టల మంటమీద ఉప్పూ పసుపూ రాసిన చేపలు కాల్చి, అవనిగడ్డ బేకరీ నుంచి తెచ్చిన బన్నుల్లో పెట్టుకుని తినేవాళ్ళం. పొలుసు మాడిన వాసన, బన్నుల తీపి వాసన, తడి వల వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా చేప మాడితే నాకు ఆకలేస్తుంది.

ముందు ఒక చేప, ఒక బన్ను అరిటాకులో పెట్టి మంట పక్కన ఉంచేవాళ్ళు. అది ప్రభువు వంతు. ఓ ఏడాది మా పెదనాన్న కొడుకు దాన్ని కాస్తా ఎత్తుకొచ్చేస్తే, ఇద్దరం గడ్డివాము వెనక కూర్చుని పంచుకుని తిన్నాం. నాయనమ్మ చీపురు పుచ్చుకుంది. తాతయ్య అడ్డం వచ్చి, "ఆకలేసినవాళ్ళు తిన్నారు. ఆయన వంతు ఆయనకే చేరింది, వదిలెయ్," అన్నారు.

అలాంటి రోజుల్లోనే రొయ్యలొచ్చాయి. మా చుట్టుపక్కల పొలాలన్నీ చూస్తూ చూస్తూ రొయ్యల చెరువులైపోయాయి. రొయ్య వేసినవాళ్ళకి డాబాలు లేచాయి. మోటారు సైకిళ్ళొచ్చాయి. మావాళ్ళకి చెరువుకి రెండుపక్కలా తలా కాస్త పొలం ఉండేది. గుడివాడ నుంచి ఒకాయన జీపులో వచ్చి ఆ భూములు లీజుకి అడిగాడు. మగవాళ్ళందరికీ చెరువుల మీద పనిస్తానన్నాడు. నాన్న కళ్ళు మెరిశాయి. ఖాళీగా కూర్చుని నలుగురి మాటలూ పడుతున్న మనిషి. నాకు ఆయనమీద ఇప్పటికీ కోపం రాదు, కోపం రావాల్సిన చోట కూడా జాలే వస్తుంది.

"పడమరైనా సరే, తూర్పైనా సరే, ఒకే పక్క కావాలి నాకు. ఎటో మీరే తేల్చుకోండి," అన్నాడు జీపాయన.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ చర్చిలోనే కూర్చుండిపోయారు. ఆడవాళ్ళ వైపు చాపమీద నాయనమ్మ పక్కన నేనున్నాను. 

"వెయ్యాలనే ఉంటే పడమర వెయ్యండి," అన్నారు తాతయ్య. "రోడ్డవతల. చెరువుకి దూరంగా ఉంటుంది. తూర్పున వేశారంటే గట్టుకి ఆనుకుని ఉప్పునీళ్ళు నిలవుంటాయి. ఎన్నాళ్ళు ఆగుద్ది మట్టి?"

అప్పుడు నాన్న లేచాడు.

"ప్రభువు వల ఎటు వెయ్యమన్నాడు నాన్నా?"

తాతయ్య తలెత్తి చూశారు.

"కుడిపక్క వెయ్యమన్నాడు గదా. ఇన్నేళ్ళనించీ మీరు గట్టుమీద నిలబడి చెప్తానే ఉన్నారు, నేను వేస్తానే ఉన్నాను. ఒక్క ఏడన్నా ఎడమపక్క పడ్డాయా చేపలు? మన గలిలయలో కుడిపక్కంటే తూరుపే."

"ఆమెన్!" అన్నారెవరో వెనకనుంచి. ఆ తరవాత అన్ని పక్కల నుంచీ ఆమెన్లు లేచాయి.

"ఒరేయ్, అది దోనెకి కుడిరా. చెరువుకి కాదు," అన్నారు తాతయ్య. "నువ్వు కపెర్నహూము వైపు తిరిగి నిలబడితే అది కుడి అయ్యింది. వెనక్కి తిరిగితే ఎడమ అవుద్ది. శిష్యుల పడవ ఎటు తిరిగుందో ఎవరికి తెలుసు? అయినా అది గదరేనుల గట్టు. మంద మొత్తం నీళ్ళలో పడ్డది ఆ గట్టు మీంచే."

"పడ్డవి పందులు నాన్నా. మనం వేసేది రొయ్యలు," అన్నాడు నాన్న. చర్చి అంతా ఘొల్లుమంది. పిల్లలం కూడా నవ్వాం.

తాతయ్య గ్రంథం మూసేశారు. ఏమంటారు? ఆ పటం ఆయన గీసిందే, ఆ కేక ఆయన వేసిందే. వాళ్ళు తప్పుగా నేర్చుకోలేదు. ఆయన నేర్పినదాన్ని అక్షరాలా నమ్మారు, అంతే.

ప్రొక్లెయిన్ వచ్చి తూర్పు పొలాలన్నీ తవ్వేసింది. గదరేనుల రాయి ఆ మట్టిలో ఎక్కడో కలిసిపోయింది. ఉప్పుటేట్లోంచి మోటారు పెట్టి నీళ్ళు తోడారు. సీడు, అంటే రొయ్యపిల్లల్ని, వదిలే రోజున ప్రార్థనకి తాతయ్యని పిలిచారు. ఆయన రారేమో అనుకున్నాను. తెల్ల చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని వచ్చారు. రెండు నీళ్ళకీ మధ్యనున్న గట్టుమీద నిలబడి చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, ఈ పక్క నీళ్ళు ఈ పక్కే ఉండనివ్వు," అన్నారు. జీపాయన అదేం ప్రార్థన అన్నట్టు చూశాడు. నాన్న తలొంచుకున్నాడు.

మొదటి పంట బాగా వచ్చింది. ఈ మాట చెప్పకపోతే నాన్నకి అన్యాయం చేసినదాన్నవుతాను. నాకు బాటా చెప్పులు, అమ్మకి పెడన చీర కొన్నాడు. పేటలో టీవీ వచ్చింది. ఆ ఈస్టర్‌కి చేపలతో పాటు టైగర్ రొయ్యలు కూడా కాల్చారు. తాతయ్య కుడిపక్క వెయ్యమని కేక వెయ్యలేదు. గొంతు బాగోలేదన్నారు. ఆ కేక మా పెదనాన్న వేశాడు గానీ మాకెవరికీ అరవాలనిపించలేదు. ప్రభువు వంతు ఆకులో రొయ్యలు పెడితే ఈగలు ముసిరాయి.

ఆ మరుసటి వేసవిలో పప్పు ఉడకడం మానేసింది.

నాయనమ్మ ముందు కొట్టువాడి మీద పడింది. "ఎప్పటి కందిపప్పు అంటగట్టావురా, పొద్దున్నించీ పొయ్యిమీదే ఉంది, గులకరాళ్ళలా అట్టాగే ఉంది," అని నానా మాటలూ అంది. వాడు వేరే పప్పిచ్చాడు. అదీ ఉడకలేదు. సబ్బు నురగ రావడం లేదని అమ్మ అంది. టీలో పాలు విరిగాయని మా పెద్దమ్మ అంది. ఒక్కొక్కరూ ఒక్కోదాన్ని అనుమానించారు గానీ చెరువు పేరెత్తడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఆ సాయంత్రం తాతయ్య నన్ను చెయ్యి పట్టుకుని చెరువు దగ్గరికి తీసుకెళ్ళారు. "నా నాలిక ముసలిదైపోయిందమ్మా. దాన్ని నమ్మలేకపోతున్నాను. నువ్వు చూసి చెప్పు," అన్నారు.

మగ్దల దగ్గర దోసిట్లో పట్టి నోట్లో పోసుకున్నాను. బాగానే ఉన్నాయనిపించింది. తిబెరియ దగ్గర ఏదో తేడా తెలిసింది. తూము దాటి, రాయి లేని ఆ తూర్పు గట్టుకి వచ్చాం. గట్టుకి అవతల రొయ్యల చెరువులో మేత వాసన. ఇవతల మా నీళ్ళు. వంగి తాగాను. తాతయ్య నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. ఆయనకి ఏ మాట కావాలో నాకు తెలుసు.

"ఉప్పగా ఉన్నాయి తాతయ్యా," అన్నాను.

ఇంటికి వచ్చేదారిలో ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

తరవాత ఆయన ఉప్పెనప్పుడు చేసినట్టే చేద్దామన్నారు. కొందరు కలిసొచ్చారు. నాన్న అందరికన్నా ముందు దిగాడు, ఆయిలింజను తెచ్చాడు, మెడలోతు బురదలో పనిచేశాడు. తండ్రీ కొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఒకే గమేళాతో మట్టి మోశారు. చెరువు ఖాళీ అయ్యింది. కాల్వ నీళ్ళు పెట్టారు. వానాకాలం దాకా బాగానే ఉంది. ఆ తరవాత మళ్ళీ ఉప్పు. ఉప్పెన పైనుంచి వచ్చింది కాబట్టి పైకి తోడెయ్యగలిగారు. ఇది మట్టిలోంచి వస్తోంది. దాన్ని ఎక్కడికని తోడతారు? అవతల చెరువులు ఎండగట్టమని తాతయ్య అడిగితే, పంట చేతికొచ్చే టైములో ఇలాంటి మాటలాడొద్దని పేట పెద్దలే ఆయన మీదికి లేచారు. కొన్నాళ్ళు బడికీ, ఆరాధనకీ వేరే ఊరి ఉపదేశిని పిలిపించుకుంటామన్నారు. మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి ఉపదేశిగారూ, అన్నారు. మర్యాదగానే అన్నారు.

"బతిమాలి పంపిస్తున్నారన్నమాట," అన్నారు తాతయ్య. ఆ మాట ఏ గట్టుదో నాకు తెలిసింది. నాన్నకీ తెలిసింది. ఆ పూట నాన్న అన్నం తినలేదు.

పంట చేతికి రాలేదు. తెల్లమచ్చ రోగం వచ్చింది. ఓ పొద్దున్న రొయ్యలన్నీ గట్ల వెంబడి తేలాయి. వాసనకి కాకులు కూడా భయపడ్డట్టు దూరంగా తిరిగాయి. మందంతా అలా నీళ్ళలో తేలుతుంటే నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని గట్టుమీద కూర్చున్నాడు. జీపాయన వచ్చి మోటార్లు విప్పుకుని, జనరేటరు లారీ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. గుంతలు మాత్రం మాకు మిగిలాయి. వాటిల్లో మళ్ళీ వరి మొలవలేదు.

మంచినీళ్ళు లేనిచోట మనుషులెంతకాలం ఉంటారు? ట్యాంకరు వచ్చిన రోజు నీళ్ళు, రాని రోజు కొట్లాటలు. మగ్దల రేవు తోడికోడళ్ళు మొదట వెళ్ళిపోయారు, ఒకరు బెజవాడ, ఒకరు హైదరాబాదు, ఇద్దరూ కట్టుబడి పనికి. తరవాత మా పెదనాన్నవాళ్ళు. రేవుల్లో తుంగ మొలిచింది. మిగిలినవాళ్ళు తాతయ్యని తిరిగి సండే స్కూలు చెప్పమంటే చెప్పారు గానీ, దావీదు, దానియేలు, అంతే. "గలిలయ చెప్పండి తాతయ్యా," అని అడిగితే, "అదయిపోయిందమ్మా," అనేవారు. ఓరోజు నేను బడినుంచి వచ్చేసరికి సున్నం బకెట్టు పట్టుకుని ఒక్కో రాయి మీద పేరు కనపడకుండా పూత వేస్తున్నారు. బేత్సయిదా దగ్గర నన్ను చూసి ఆగారు. ఆ ఒక్కటీ వదిలేశారు.

ఆ చలికాలంలో ఆయన మంచం పట్టారు. జ్వరం ఒకటే కాదు, మనిషి లోపల్నుంచి విరిగిపోయారు. మాటలు కలగాపులగంగా వచ్చేవి. ఓ మధ్యాహ్నం కళ్ళు తెరిచి, "అబ్బాయ్," అని పిలిచారు. రొయ్యల చెరువులు తవ్వించిన దగ్గర్నుంచీ ఆయన నాన్నని ఆ పిలుపు పిలవలేదు. నాన్న పరిగెత్తుకొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"కపెర్నహూము రేవులో నీళ్ళు కాసిని తీసుకురా. దాహంగా ఉంది."

నాన్న లేచి చెంబు పట్టుకుని బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూశాను. రేవు దాకా వెళ్ళి, నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు. తరవాత పెరట్లోంచి వంటింట్లోకి వచ్చి, అవనిగడ్డ నుంచి తెచ్చుకున్న క్యాన్లోంచి చెంబు నింపాడు. చెంబు బయట కూడా నీళ్ళు చిలకరించి తడిపాడు. నాయనమ్మ పొయ్యి దగ్గర్నుంచి చూసి, మొహం తిప్పుకుంది.

తాతయ్య తల ఎత్తిపట్టి నాన్న కొద్దికొద్దిగా పోశాడు.

"మన చెరువువేనా?"

"మన చెరువువే నాన్నా."

తాతయ్య ఇంకో గుక్క తాగారు. నాన్న మొహంలోకే చూస్తూ, "తియ్యగా ఉన్నాయి," అన్నారు.

అవే ఆయన ఆఖరి మాటలు. ఆయన నమ్మారో, నమ్మినట్టు ఉన్నారో మాకెవరికీ తెలియదు. నాన్నకి తెలుసేమో. సమాధుల దొడ్డిలో గుంట తవ్వితే అందులోనూ ఉప్పునీళ్ళు ఊరాయి. వాటిని తోడుతూనే పెట్టెని దించారు.

ఇప్పుడక్కడ పేట లేదు. మొన్నామధ్య ఎవరో అటు వెళ్ళొచ్చి, అంతా తుమ్మచెట్లు లేచిపోయాయనీ, చర్చి గోడలు రెండు నిలబడి ఉన్నాయనీ చెప్పారు. రాళ్ళ సంగతి నేనడగలేదు. మేం బందరు వచ్చేశాక నాన్న ఒక కోల్డ్ స్టోరేజీలో పనిచేసి రిటైరయ్యాడు. చేప ముట్టడు. ఈస్టర్ పొద్దున్న నాతో సమాధుల దగ్గరికి వస్తాడు గానీ చర్చిలోకి రాడు, బయట బెంచీమీద కూర్చుంటాడు. ఆ చెరువు మాట మా ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

సీసా కొన్నాళ్ళు ఫ్రిజ్ మీద అలాగే ఉంది. నిన్న పొద్దున్న నేను వంట చేసుకుంటుంటే నాన్న వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. సీసా ఆయన చేతిలో ఉంది.

"ఏ గట్టున పట్టారంట ఇవి?" అన్నాడు.

"కపెర్నహూము దగ్గర."

తలాడించాడు. మూత తిప్పబోయి ఆగిపోయాడు. సీసా నాకిచ్చాడు.

"నువ్వు చూసి చెప్పమ్మా."

అవే మాటలు. మూత తీసి, అరచేతిలో కాసిని పోసుకుని నాలిక్కి తగిలించుకున్నాను. నాన్న నా మొహంలోకి చూస్తున్నాడు. ఒక్క క్షణం అబద్ధం చెబుదామా అనిపించింది. ఏది చెబితే ఆయనకి తేలికవుతుందో నాకు తెలియలేదు. అందుకని ఉన్నదే చెప్పాను.

"తియ్యగా ఉన్నాయి నాన్నా."

ఆయన గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పొయ్యిమీద కుక్కర్లో పప్పు ఉడుకుతోంది.